రాంచ్ పొడి: ఓవెన్‌లో మాడుతోంది, గిన్నెలో జారుతోంది, కుకర్‌లో ఉప్పు కషాయం. తప్పెక్కడ?

మూడోపొయ్యి అడుగుతున్నారు:

రాంచ్ సీజనింగ్ ప్యాకెట్‌తో (రాంచ్ అనే అమెరికన్ సలాడ్ డ్రెస్సింగ్ కలుపుకునే పొడి, 28 గ్రాములది, అంటే 1 ఔన్స్) మూడు వంటలు, మూడూ మూడు రకాలుగా చెడుతున్నాయి. కొలతలతో సహా రాస్తున్నాను, తెలిసినవాళ్లు చెప్పండి.

బంగాళాదుంపలు: కిలో దుంపలు ముక్కలు కోసి కడిగి, 3 టేబుల్ స్పూన్ల నూనె, ప్యాకెట్ మొత్తం, ఒక టీస్పూన్ ఉప్పు పట్టించి 220 డిగ్రీల సెంటీగ్రేడ్‌లో 40 నిమిషాలు. పైన నల్ల మచ్చలు, తింటే చేదు. సగం ముక్కలు ట్రేకి అతుక్కుపోయాయి. లోపల మాత్రం చక్కగా ఉడికాయి.

డ్రెస్సింగ్: ఒక కప్పు మయొనీజ్, ఒక కప్పు పాలు, ఒక ప్యాకెట్, అన్నీ ఒకేసారి గిన్నెలో వేసి గిలకొట్టడం. నీళ్లలా ఉంది, మధ్యమధ్యలో పొడి ఉండలు. చిక్కబడాలని ఇంకో సగం ప్యాకెట్ వేస్తే ఉప్పగా అయింది తప్ప చిక్కబడలేదు.

స్లో కుకర్‌లో మిసిసిపి పాట్ రోస్ట్: ఒకటిన్నర కిలోల బీఫ్ చక్ (భుజం వైపు మాంసం), రాంచ్ ప్యాకెట్, ‘ఓ జూ’ (au jus, మాంసం రసం రుచి) గ్రేవీ పొడి ప్యాకెట్, ఒక స్టిక్ వెన్న, ఊరబెట్టిన పెపరోన్చీనీ మిరపకాయలు, వాటి సీసాలోని పులుపు నీళ్లు అర కప్పు. మాంసం వెన్నలా విడిపోయింది, కానీ ఉప్పు కషాయం.

ఇంకో ప్రశ్న: ఈ పొడి ఇంట్లోనే కలుపుకుంటే ఈ తలనొప్పులు తగ్గుతాయా?

వెన్నముద్ద:

దుంపల సంగతి నేను చెబుతాను.

పేరు సీజనింగ్ అని ఉండేసరికి అందరూ దాన్ని కారప్పొడిలా, మిరియాల పొడిలా వాడేస్తారు. ప్యాకెట్ వెనక్కి తిప్పి పదార్థాల వరుస చదవండి. మాల్టోడెక్స్‌ట్రిన్ (పిండిపదార్థం నుంచి తీసే పొడి), బటర్‌మిల్క్ పొడి, ఉప్పు, ఎంఎస్‌జీ (అజినోమోటో), వెల్లుల్లి పొడి, ఉల్లిపాయ పొడి ముందుంటాయి. మనం రాంచ్ అంటే గుర్తుచేసుకునే ఆ పచ్చని ఆకుల నలుసులు ఎక్కడో తోకలో ఉంటాయి. ఎక్కువ బరువున్నది ముందు, తక్కువది వెనక, అదీ ఆ వరుస లెక్క. అంటే మీరు దుంపలకు పట్టించింది పాలపొడి. పాలపొడిని 220 డిగ్రీల్లో 40 నిమిషాలు పెడితే ఏమవుతుంది? పాలలోని చక్కెర, ప్రొటీన్ కలిసి ముందు ఎర్రబడతాయి, అక్కడితో ఆగితే కమ్మగా ఉంటుంది. ఆగవు, మాడతాయి. వెల్లుల్లి పొడి అంతకంటే తొందరగా మాడుతుంది. మీ నాలుకకు తగిలిన చేదులో పెద్ద వాటా దానిదే.

అతుక్కోవడానికి కారణం వేరు. కడిగిన ముక్కల తడి ఆరకముందే పొడి చల్లారు. మాల్టోడెక్స్‌ట్రిన్, పిండిపదార్థం తడి తగలగానే జిగురవుతాయి. ఆ జిగురే ట్రేకి పట్టి, అక్కడే కాలి, ముక్కని వదల్లేదు.

ఇలా చెయ్యండి. ముక్కలు రెండున్నర సెంటీమీటర్ల సైజు, అన్నీ ఒకేలా. కడిగాక గుడ్డ మీద పరిచి పూర్తిగా తుడవండి, పట్టుకుంటే చేతికి తడి తెలియకూడదు. నూనె 2 టేబుల్ స్పూన్లు మాత్రమే పట్టించండి. ఉప్పు వద్దు, పొడి వద్దు. ట్రేని ఖాళీగా ఓవెన్‌లో పెట్టి వేడెక్కించి, ముక్కల్ని కోసిన వైపు కిందకి వచ్చేలా, ఒకదానికొకటి తగలకుండా పరవండి. 220లో 25 నిమిషాలు. అప్పుడు ఒక ముక్కని కదిపి చూడండి. దానంతట అదే ఊడిరావాలి. రాకపోతే అడుగు ఇంకా వేగలేదని అర్థం. గరిటెతో గీకితే ఆ కరకరలాడే పొర ట్రే మీదే ఉండిపోతుంది, ఇంకో నాలుగైదు నిమిషాలు వదిలేయండి.

ముక్కలు తిప్పాక వేడి 190కి తగ్గించండి. ఒక టేబుల్ స్పూన్ కరిగించిన వెన్నలో 2 టేబుల్ స్పూన్ల రాంచ్ పొడి కలిపి ముద్దలా చేసి, ముక్కల మీద వేసి ట్రే మీదే కలిపేయండి. ఇంకో 8 నిమిషాలు, పదికి మించొద్దు. పొడి గోధుమ రంగుకి తిరగ్గానే తీసేయాలి. కిలో దుంపలకు 2 టేబుల్ స్పూన్లు బొటాబొటీగా ఉంటుంది అనిపిస్తే, మిగతా పొడి దించాక పైన చల్లుకోండి. వేడి ముక్కకి పట్టుకుంటుంది, మాడే భయం లేదు.

చికెన్‌కీ ఇదే సూత్రం, కాకపోతే అక్కడ ఇంకో దారి ఉంది. 700 గ్రాముల బ్రెస్ట్ ముక్కలకు పావు కప్పు మయొనీజ్‌లో ఒకటిన్నర టేబుల్ స్పూన్ల పొడి కలిపి పూతలా రాసి, పైన బ్రెడ్ పొడి అద్ది, 200 డిగ్రీల్లో పెట్టండి. మయొనీజ్ కొవ్వు పొడిని కప్పి ఉంచుతుంది, పైన బ్రెడ్ పొర ఉంటుంది, నేరుగా వేడి తగలదు. ముక్క మధ్యలో 74 డిగ్రీలు రాగానే దించండి. నూనెలో వేయించే చికెన్ పిండిలో మాత్రం ఈ పొడి ఎక్కువ కలపొద్దు. 175 డిగ్రీల నూనెలో పైపొర నల్లబడేసరికి లోపల పచ్చిగానే ఉంటుంది. వేయించి తీశాక చల్లుకోవడమే మేలు.

ఉప్పుకల్లు:

పాట్ రోస్ట్‌లో మీ తప్పు ఒక్కటే, ఉప్పు ఎన్ని దారుల్లో వస్తోందో లెక్క చూడలేదు. రాంచ్ ప్యాకెట్‌లో ఉప్పు. ఓ జూ ప్యాకెట్‌లో ఉప్పు, అది అసలు ఉప్పు మీదే నిలబడ్డ పొడి. వెన్న ఉప్పుదైతే అందులోనూ ఉంటుంది. మిరపకాయల సీసాలో నీళ్లు ఉప్పునీళ్లే. నాలుగు దారులు. పైగా మాంసం వదిలిన నీళ్లలోనే ఆ ఉప్పంతా ఉండిపోతుంది.

ప్యాకెట్‌లో ఎంత ఉప్పుందో ఊహించక్కర్లేదు. లేబుల్ మీద ఒక సర్వింగ్‌కి సోడియం ఎన్ని మిల్లీగ్రాములో ఉంటుంది, ప్యాకెట్‌లో ఎన్ని సర్వింగ్‌లో కూడా ఉంటుంది. రెండూ గుణించి, వచ్చినదాన్ని 2.5తో గుణిస్తే ఉప్పు. మాటవరసకి సర్వింగ్‌కి 140 మిల్లీగ్రాములు, సర్వింగ్‌లు 20 అనుకోండి. 2800 మిల్లీగ్రాముల సోడియం, అంటే 7 గ్రాముల ఉప్పు, టీస్పూన్ కంటే ఎక్కువే. మీ దుంపల్లో దీని మీద ఇంకో టీస్పూన్ వేశారు! చేదు లేకపోయి ఉంటే ముందు ఉప్పు గురించే అడిగేవారు.

ఒకటిన్నర కిలోల చక్‌కి కొలతలు: రాంచ్ సగం ప్యాకెట్, ఓ జూ సగం ప్యాకెట్, ఉప్పు లేని వెన్న ఒక స్టిక్ (113 గ్రాములు, నా లెక్కలో సగం స్టిక్ చాలు, చక్‌లో కొవ్వు బోలెడుంటుంది), మిరపకాయలు 6 లేక 8, వాటి నీళ్లు 2 టేబుల్ స్పూన్లకి మించకుండా. మామూలు నీళ్లు అసలు పోయొద్దు. తక్కువ వేడి మీద 8 గంటలు. మధ్యలో మూత తియ్యకండి, తీసిన ప్రతిసారీ కుకర్ మళ్లీ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది. ఫోర్క్ గుచ్చి తిప్పితే ముక్క విడిపోవాలి, థర్మామీటర్ ఉంటే 93 డిగ్రీల పైన. దించాక రుచి చూసి, అప్పుడు కావాలంటే మిగతా సగం పొడిలోంచి కొంచెం కలపండి. ఉప్పు వెయ్యడం ఎప్పుడైనా వెయ్యొచ్చు, తియ్యలేం.

ఇప్పటికే ఉప్పైపోయినది పారెయ్యక్కర్లేదు. మాంసం బయటికి తీసి చీల్చండి. రసం మీద తేరిన కొవ్వు తీసేసి, ఆ రసం మాంసంలో ఒక కప్పు మాత్రమే కలపండి. పక్కన ఉప్పు వెయ్యని దుంపల ముద్దో, అన్నమో పెట్టండి. చాలామంది ఒక పచ్చి దుంప వేస్తే ఉప్పు లాగేస్తుందంటారు. లాగదు. దుంప ఉప్పునీళ్లు పీలుస్తుంది, ఉప్పుని విడదీసి తీసుకోలేదు. మిగిలిన రసం అంతే ఉప్పగా ఉంటుంది, రసం పరిమాణం కాస్త తగ్గుతుందంతే. అలాగే రసం చిక్కబడాలని మరిగించొద్దు, నీళ్లు పోయి ఉప్పు మిగులుతుంది. కప్పు రసానికి ఒక టేబుల్ స్పూన్ కార్న్‌స్టార్చ్, 2 టేబుల్ స్పూన్ల చన్నీళ్లలో కలిపి పోస్తే సరిపోతుంది.

కవ్వం:

డ్రెస్సింగ్‌కి వస్తాను. మీ కొలత సరైనదే: ఒక ప్యాకెట్, ఒక కప్పు మయొనీజ్, ఒక కప్పు పాలు. వరుస తప్పింది, ఓపిక తప్పింది.

వరుస: ముందు మయొనీజ్‌లో పొడి వేసి ముద్దలా బాగా రుద్దండి. గరిటె వెనకభాగంతో గిన్నె అంచుకి నొక్కితే ఒక్క పలుకు కూడా కనపడకూడదు. ఆ తరవాత పాలు నాలుగు విడతలుగా. ముందే పాలల్లో పొడి వేస్తే ప్రతి పొడి రేణువు చుట్టూ తడి పొర ఏర్పడి, లోపల పొడిపొడిగానే ఉండిపోతుంది. మీకు తగిలిన ఉండలు అవే. ఎంత గిలకొట్టినా పోవు, వడగట్టాల్సిందే.

ఓపిక: ఈ పొడుల్లో చిక్కదనానికి గ్జాంథన్ గమ్, మార్చిన పిండిపదార్థం లాంటివి ఉంటాయి. అవి నీళ్లు పీల్చి ఉబ్బడానికి టైమ్ పడుతుంది. ఎండు ఆకులు నానాలి, ఉల్లి, వెల్లుల్లి వాసన కొవ్వులోకి దిగాలి. ఫ్రిజ్‌లో కనీసం అరగంట, రెండు గంటలైతే ఇంకా బాగుంటుంది. కలిపిన క్షణంలో గరిటె మీదనుంచి గబగబా జారిపోయేది, తీశాక పొరలా పట్టుకుని నెమ్మదిగా దిగుతుంది. అప్పుడు రుచి చూసి తీర్పు చెప్పండి, ముందు కాదు. అప్పటికీ జారుగా ఉంటే 2 టేబుల్ స్పూన్ల మయొనీజో సవర్ క్రీమో (తోడుపెట్టిన పుల్లటి మీగడ) వెయ్యండి. పొడి మాత్రం వెయ్యకండి, అది ఎక్కడికి దారి తీస్తుందో చూశారుగా. లైట్ మయొనీజ్ వాడుతుంటే పాలు ముప్పావు కప్పే పొయ్యండి, మొదటినుంచే అది పలచన.

ఇంకొకటి చూడండి, మీ ప్యాకెట్ ఏ రకం? 28 గ్రాముల మామూలు ప్యాకెట్ పాలతో కలపడానికి. 11 గ్రాముల చిన్న ప్యాకెట్ కూడా అమ్ముతారు, బటర్‌మిల్క్ రెసిపీ అని రాసి ఉంటుంది. దానికి మీరు నిజం బటర్‌మిల్క్ పొయ్యాలి. మామూలు పాలు పోస్తే పులుపు ఉండదు, చిక్కదనం ఉండదు. డిప్ మిక్స్ అని ఇంకో రకం ఉంది, దానికి 450 గ్రాముల సవర్ క్రీమ్. మూడూ పక్కపక్కనే దొరుకుతాయి, అట్టలు అన్నదమ్ముల్లా ఉంటాయి.

బటర్‌మిల్క్ అన్నచోట మన మజ్జిగ పొయ్యకండి. అమెరికన్ వంటల్లో బటర్‌మిల్క్ అంటే కొవ్వు తక్కువ పాలను తోడుపెట్టి చేసిన చిక్కటి పుల్లటి ద్రవం, చిలికి నీళ్లు కలిపింది కాదు. దొరక్కపోతే ముప్పావు కప్పు గట్టి పెరుగు, పావు కప్పు పాలు కలిపి గిలకొట్టండి, చాలా దగ్గరగా ఉంటుంది. పాలల్లో నిమ్మరసం పిండే పద్ధతి కేకులకి పర్లేదు గానీ డ్రెస్సింగ్‌కి పనికిరాదు, విరిగి పలుకుపలుకులుగా ఉంటుంది.

పొడి ముందా సీసా ముందా అంటే పొడే ముందు. స్టీవ్ హెన్సన్ 1950ల్లో కాలిఫోర్నియాలో సాంటా బార్బరా దగ్గర హిడెన్ వ్యాలీ అనే రాంచ్‌లో (అతిథులు బస చేసే పశువుల క్షేత్రం) అతిథులకి ఈ డ్రెస్సింగ్ వడ్డించి, తరవాత పొడిని ప్యాకెట్లలో పోస్టులో అమ్మేవాడు. 1972లో క్లోరాక్స్ కంపెనీ ఆ పేరు కొనుక్కుంది. నిలవుండే సీసా డ్రెస్సింగ్ వచ్చింది 1983లో. అందుకే ప్యాకెట్ రుచికి, సీసా రుచికి పొంతన ఉండదు. ఒకటి మీ ఫ్రిజ్‌లోని తాజా పాలు, మయొనీజ్‌తో కలిసేది, ఇంకోటి నెలల తరబడి అలమరలో నిలబడాల్సింది.

జల్లెడ:

ఇంట్లో కలుపుకోవచ్చు. తలనొప్పులు తగ్గవు గానీ, ఉప్పు పగ్గం మీ చేతిలో ఉంటుంది. అదొక్కటి చాలు.

బటర్‌మిల్క్ పొడి 40 గ్రాములు (మూడోవంతు కప్పు), ఎండు పార్స్‌లీ ఒక టేబుల్ స్పూన్, ఎండు డిల్ ఆకు ఒక టీస్పూన్, ఎండు చైవ్స్ ఒక టీస్పూన్, వెల్లుల్లి పొడి 2 టీస్పూన్లు, ఉల్లిపాయ పొడి 2 టీస్పూన్లు, మెత్తటి ఉప్పు ఒకటిన్నర టీస్పూన్, మిరియాల పొడి అర టీస్పూన్, నిమ్మ ఉప్పు పావు టీస్పూన్. ఎంఎస్‌జీ అర టీస్పూన్, వద్దనుకుంటే మానేయొచ్చు. దాదాపు 65 గ్రాములు వస్తుంది. ఇందులో 28 గ్రాములు, సుమారు 3 టేబుల్ స్పూన్లు, ఒక ప్యాకెట్ కింద లెక్క. స్పూన్ల కంటే తూకం నమ్మండి, ఆకులు పొంగి ఉంటాయి కాబట్టి స్పూన్ కొలత ప్రతిసారీ మారిపోతుంది.

వెల్లుల్లి ఉప్పు అని అమ్మేది, వెల్లుల్లి పొడి అని అమ్మేది ఒకటి కావు. సీసా తీసేముందు చదవండి. డిల్ గింజలు కూడా వద్దు, ఆకే కావాలి, గింజల ఘాటు వేరే దారిలో పోతుంది.

ఆకుల్ని అరచేతుల మధ్య ఒకసారి నలిపి వెయ్యండి. పాలపొడి, వెల్లుల్లి, ఉల్లి పొడులు జల్లించి వెయ్యండి, ముఖ్యంగా ఉల్లిపాయ పొడి సీసాలోనే గడ్డకడుతుంది. అన్నీ కలిపాక మిక్సీలో ఒక తిప్పు తిప్పితే ప్యాకెట్ పొడిలా అంతా ఒకేలా ఉంటుంది. తిప్పకపోతే ఉప్పు అడుక్కి దిగి, ఆకులు పైకి తేలి, మొదటి స్పూన్ చప్పగా, చివరి స్పూన్ ఉప్పగా ఉంటుంది.

గట్టి మూత సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. పాలపొడి గాలిలో తేమని పీల్చుకుని గడ్డకడుతుంది, అందుకే పొయ్యి పక్కన పెట్టొద్దు, ఆవిరి మీద సీసా వంచి చల్లొద్దు. రెండు మూడు నెలల్లో వాడేయండి.

దీంట్లో గమ్ లేదు కాబట్టి డ్రెస్సింగ్‌కి కప్పు పాలు పోస్తే పలచనైపోతుంది. కప్పు మయొనీజ్‌కి అర కప్పు పాలు, మిగతా అర కప్పు స్థానంలో సవర్ క్రీమ్. ఇంట్లో కలిపిన డ్రెస్సింగ్ ఫ్రిజ్‌లో ఐదారు రోజులు, బల్ల మీద రెండు గంటలకి మించి వద్దు.

వెన్నముద్ద:

జల్లెడ గారూ, ఎంఎస్‌జీ మానేయొచ్చు అన్నదాంతో నేను ఏకీభవించను. ఆ పొడి రుచిలో "ఇంకొకటి తిందాం" అనిపించేది అదే. మానేస్తే పార్స్‌లీ కలిపిన పాలపొడిలా ఉంటుంది. ఒద్దనుకునేవాళ్లు కనీసం ఒక టేబుల్ స్పూన్ న్యూట్రిషనల్ ఈస్ట్ పొడి (రుచి కోసం వాడే ఈస్ట్, పిండి పొంగించేది కాదు) వేసుకోవాలి. నిమ్మ ఉప్పు వెయ్యమనడం మాత్రం సరైనదే, అది లేని రెసిపీలు కోకొల్లలు, అన్నీ చప్పగానే ఉంటాయి.

మూడోపొయ్యి:

అందరికీ చాలా థాంక్స్. ప్యాకెట్ చూశాను, 28 గ్రాములదే. ఒక చిన్న అనుమానం: ఇదే పొడి పాప్‌కార్న్ మీద, ఎయిర్ ఫ్రయర్‌లో వాడొచ్చా? పాప్‌కార్న్ మీద చల్లితే అంతా గిన్నె అడుక్కి పోతుంది.

కరకర:

రాలిపోవడానికి కారణం రేణువు పెద్దది కావడం, అంటుకోవడానికి ఏమీ లేకపోవడం. పొడిని మిక్సీలో మెత్తగా, పౌడర్ డబ్బాలోంచి వచ్చేంత మెత్తగా తిప్పండి. అర కప్పు గింజలతో పేలిన పాప్‌కార్న్‌కి 2 టేబుల్ స్పూన్ల కరిగించిన వెన్న లేదా నూనె పట్టించి, ఇంకా వేడిగా ఉండగానే 2 టీస్పూన్ల పొడి రెండు విడతల్లో చల్లి, మూత పెట్టి కుదపండి. వెన్న కంటే నూనె మేలు. వెన్నలో నీళ్లుంటాయి, పాప్‌కార్న్ మెత్తబడుతుంది.

ఎయిర్ ఫ్రయర్‌లో ఫ్యాన్ ఉంటుంది, పొడిగా చల్లింది చల్లినట్టు ఎగిరి హీటర్‌కి తగిలి కాలుతుంది, వంటిల్లంతా కమురు కంపు. నూనెలో కలిపి పట్టించండి, లేదంటే చివరి మూడు నిమిషాలప్పుడు వెయ్యండి.

మీకు అస్సలు చెడని రాంచ్ వంట కావాలంటే ఆయిస్టర్ క్రాకర్స్ (చిన్న గుండ్రటి కరకర బిస్కెట్లు) చెయ్యండి. ఉప్పు తక్కువ క్రాకర్స్ 340 గ్రాములు, వాసన లేని నూనె అర కప్పు, ప్యాకెట్ ఒకటి, డిల్ అర టీస్పూన్. నూనెలో పొడి కలిపి వెంటనే పొయ్యండి, ఒక్క నిమిషం ఆగితే పొడి అడుక్కి దిగిపోతుంది. కలిపి పది నిమిషాలు నాననిచ్చి, ట్రేలో ఒకే వరుసగా పరిచి 120 డిగ్రీల సెంటీగ్రేడ్ (250 ఫారన్‌హీట్) వేడిలో 15 నుంచి 20 నిమిషాలు, మధ్యలో ఒకసారి కదిపి. ఆ వేడిలో పాలపొడి ఎర్రబడదు, ఆరుతుంది అంతే. తీసినప్పుడు కొంచెం జిడ్డుగా, మెత్తగా ఉంటాయి, కంగారుపడి మళ్లీ లోపల పెట్టకండి, చల్లారితే కరకరలాడతాయి. వేడిగా ఉండగా డబ్బాలో వేసి మూత పెట్టారో, ఆవిరికి అన్నీ సాగిపోతాయి.

ఉప్పుకల్లు:

క్రాకర్స్ పైన ఉప్పు పలుకులు కనపడితే ప్యాకెట్ ముప్పావే వెయ్యండి.